కాసాన్‌ది ఇచ్చిన రోజులు

మా ఆయన రెండో ఆడదాన్ని ఇంటికి తెచ్చిన రోజు నేను పెరట్లో సోయాగింజలు ఉడకబెడుతున్నాను. దాన్ని పెళ్ళి అనడానికి లేదు. మేళం లేదు, పల్లకీ లేదు. ఎద్దు మీద ఒక మూట, ఎద్దు వెనక ఒక పిల్ల. పంతొమ్మిదేళ్ళుంటాయి. కాసాన్ నుంచి వచ్చింది కాబట్టి ఊళ్ళో అందరూ కాసాన్‌ది అన్నారు. నన్ను పెద్దింటావిడ అనేవారు. మా కాలంలో ఆడవాళ్ళకు పేర్లుండేవి కావు. చిన్నప్పుడు పిల్లా అని పిలిచేవారు, పెళ్ళయ్యాక ఫలానా ఊరామె అనేవారు, బిడ్డ పుడితే ఆ బిడ్డ తల్లి అనేవారు. అయినా ఆవిడ అనడానికీ అది అనడానికీ తేడా ఉంది కదా. ఆ తేడా చూసుకునే నేను కొన్నాళ్ళు కడుపు నింపుకున్నాను.

నాకు ఒక్క ఆడపిల్లే. మా ఆయన పాంగ్ తేజున్‌కు కొడుకు కావాలి. అందుకని తెచ్చాడు. నన్ను అడగలేదు. ఆ పిల్లనూ ఎవరూ అడిగి ఉండరు. కరువు ఏడు నలుగురు ఆడపిల్లలకు గంజి పోయలేక తండ్రి ఇచ్చేశాడట.

మొదటి ఏడాది నేను పెట్టని ఆరళ్ళు లేవు. ఏరు గడ్డకట్టే చలిలో కిమ్చికి ముల్లంగులు కడగమని పంపేదాన్ని. గది నేల కిందుగా పాకే పొయ్యి వేడి తగలని మూల పడుకోబెట్టేదాన్ని. ఏం చెప్పినా "సరే అక్కా" అనేది. ఎదురు తిరిగితే నాకూ బాగుండేది, జుట్టూ జుట్టూ పట్టుకుని తేల్చుకునేవాళ్ళం. ఆ "సరే అక్కా" వింటే ఒళ్ళు మండేది.

మమ్మల్ని కలిపింది బట్టల రాయి. ఉతికి గంజిపెట్టిన బట్టను నున్నటి రాతి మీద పరిచి, ఇద్దరు ఆడవాళ్ళు ఎదురెదురుగా కూర్చుని చెరో రెండు కర్రలతో బాదాలి. ఒకరి దెబ్బ పడ్డాక ఇంకొకరిది పడాలి. తప్పితే కర్రలు కొట్టుకుని వేళ్ళు చితుకుతాయి. మొదట్లో చాలాసార్లు చితికాయి. రెండో శీతాకాలానికి లయ కుదిరింది. చేతులు కుదిరాక మాటలు కూడా వచ్చాయి. ఆమె నన్ను నవ్వించేది. మా ఆయన నడకను, ఆయన గొంతు సవరించుకునే తీరును అచ్చం దించేది. మొగుడి మీద కలిసి నవ్వుకోవడానికి సవతిని మించిన తోడు దొరకదని అప్పుడే తెలిసింది.

ఆ తర్వాతి వసంతంలో సంతకు వెళ్ళి ఒక సన్నటి పుస్తకంతో వచ్చింది. ఊరూరా తిరిగే పుస్తకాలాయన దగ్గర కొన్న సువార్త అది.

"సూదులు తెమ్మంటే ఇదేంటే?" అన్నాను.

"గుడ్లు ఐదూ ఇచ్చేశానక్కా. చదివి వినిపిస్తాను. బాగోలేకపోతే పొయ్యిలో పెట్టు."

పండితుల అక్షరాలు కాకపోయినా, ఆమెకు మా వాడుక మాట రాసే మామూలు అక్షరాలు వచ్చు. వాళ్ళ నాయనమ్మ నేర్పిందట. కర్రలు పక్కన పెట్టి చదివింది. బాగుందని నేను అనలేదు. పొయ్యిలోనూ పెట్టలేదు. మర్నాడు నేనే, "ఆ కుంటివాడు లేచి నడిచాక ఏమైందే?" అని అడిగాను.

పొయ్యి ముందు బూడిద పరిచి, పుల్లతో రాసి నాకు అక్షరాలు నేర్పింది. నన్ను చూసి పక్కింటామె వచ్చింది, ఆమెను చూసి ఇంకొకామె. ఏడాది తిరిగేసరికి మా వంటింట్లో పదహారు మంది ఆడవాళ్ళు చదువుతున్నారు. వాళ్ళు ఇళ్ళకు వెళ్ళి మొగుళ్ళకు చదివి వినిపించారు. అప్పుడు మగవాళ్ళు మేలుకున్నారు. హామ్ అని, మా ఊళ్ళో కాస్త ఉన్నవాడు, తన ఇంటి పెద్దగదిలో మధ్యన తెర కట్టి ఆరాధన పెట్టాడు. తెరకు ఇటు ఆడవాళ్ళం, అటు మగవాళ్ళు. హామ్ సంఘపెద్ద అయ్యాడు. మా ఊరు సోల్మోరులో సంఘం హామ్ పెద్ద ఇంట్లో పుట్టిందని ఇప్పుడు పిల్లలకు చెప్తున్నారు. అది మా ఇంటి బూడిదలో పుట్టింది. చూసినదాన్ని నేను బతికే ఉన్నాను.

ఆ మధ్యలోనే ఆమెకు కొడుకు పుట్టాడు. సుడోల్ అని పిలుచుకున్నాం. మా ఆయన కోరిక తీరింది.

అమెరికా పాస్టరు ఏడాదికి రెండుసార్లు వచ్చేవాడు, వసంతంలో ఒకసారి, కోతలయ్యాక ఒకసారి. ఆయన అసలు పేరు మాకు నోరు తిరిగేది కాదు, కూ పాస్టరుగారు అని పెట్టుకున్నాం. వచ్చినప్పుడు పరీక్ష జరిగేది. బాప్తిస్మం కావాలన్నవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళి ఆయన ముందు కూర్చోవాలి. హామ్ పెద్ద పక్కన ఉంటాడు. మిగతావాళ్ళు తెరకు ఇటూ అటూ కూర్చుని వింటారు. ఒకరి సంగతి ఇంకొకరికి తెలియకుండా మా ఊళ్ళో ఏదీ జరగదు.

మొదటి పరీక్షకు ఇద్దరం వెళ్ళాం. ఆమె వంతు వచ్చింది.

"ప్రార్థన ఎందుకు చేస్తావమ్మా?" అని అడిగాడు పాస్టరు.

"తండ్రి ఉన్నాడని తెలిశాక మాట్లాడకుండా ఎలాగండీ?"

ఆయన నవ్వి ఇంకా చాలా అడిగాడు. ఒక్కదానికీ తడుముకోలేదు. అప్పుడు హామ్ పెద్ద వంగి ఆయన చెవిలో ఏదో చెప్పాడు.

"నువ్వు ఎవరి ఇంట్లో ఉంటున్నావు?"

"పాంగ్ వారింట్లోనండీ."

"అతని భార్యవా?"

"రెండోదాన్నండీ."

ఆయన కలం కింద పెట్టాడు. చెడ్డవాడు కాదు, మొహంలో బాధ కనపడింది. "అమ్మా, ఈ రోజు విన్న జవాబులన్నిటిలో నీవే బాగున్నాయి. కానీ ఆ ఇంట్లో ఉన్నంతకాలం నీకు ఇవ్వలేను" అన్నాడు.

ఆమె తర్వాత నేను కూర్చున్నాను. ఆమె నేర్పిన జవాబులే చెప్పాను. ఏడాది ఆగి నాకు బాప్తిస్మం ఇచ్చారు. పేరు లేనివాళ్ళకు ఆ రోజు పేరు కూడా పెట్టేవారు. నాకు మార్త అని పెట్టారు. ముప్ఫై రెండేళ్ళు వచ్చాక నాకంటూ ఒక పేరు దొరికింది. ఆ సంతోషం ఇప్పటివాళ్ళకు చెప్పినా అర్థం కాదు.

ఇంటికి నడిచి వస్తుంటే ఆమె దారంతా నన్ను పిలుస్తూనే ఉంది. "మార్తక్కా. మార్తక్కా."

"ఎందుకే ఊరికే పిలుస్తావు?"

"నోటికి అలవాటు కావద్దా?"

"నీకేం పేరు కావాలి?"

"ఏది పెడితే అది. పిలిస్తే పలకడానికి ఒకటుంటే చాలక్కా." కాస్త దూరం నడిచాక మళ్ళీ తనే అంది, "బాప్తిస్మం లేదని ప్రభువు బల్ల రొట్టె పళ్ళెం నా ముందు నుంచి పక్కకి వెళ్ళిపోతుంటే అదోలా ఉంటుంది. కడుపుతో ఉన్నదాని ముందు నుంచి విస్తరి లాగేసినట్టు."

ఆమెకు కావలసింది అదొక్కటే. ఇంకేదీ ఎప్పుడూ అడగలేదు.

మూడు పరీక్షలు అలాగే పోయాయి. ఆమె నేర్పినవాళ్ళందరికీ పేర్లొచ్చాయి. సలోమి, లూదియ, హన్నా. ఆమె మాత్రం కాసాన్‌దే.

అప్పుడు మా ఆయనకు దేవుడు గుర్తొచ్చాడు. ఊళ్ళో సగం మంది సంఘంలో చేరిపోయారు, మాట చెల్లాలంటే అక్కడే చెల్లాలి. కొత్త గుడికి మా కొండ మీది పైన్ చెట్లు కొట్టించి దూలాలు ఇచ్చాడు. బాప్తిస్మం కావాలన్నాడు. రెండో ఆడదాన్ని వదిలితేనే అని హామ్ పెద్ద చెప్పాడు.

మా ఆయన ఆ సంగతి అన్నం తింటూ చెప్పాడు. కొర్రన్నం, ముల్లంగాకు పులుసు. ఆమె వడ్డిస్తోంది.

"సంఘం ఇలా అంటోంది. నేనేం చేయను?" అన్నాడు, ఎద్దును అమ్మే మాట చెప్పినట్టు.

"నేను వెళ్తానండీ" అంది ఆమె. "వెళ్తే నాకూ ఇస్తారేమో కనుక్కోండి."

కనుక్కున్నారు. ఏడాది పాటు వేరుగా ఉండి, మా గడప తొక్కకుండా ఉంటే ఇస్తామన్నారు.

"మరి పిల్లాడు?" అంది.

"వాడు పాంగ్ వంశం" అన్నాడు మా ఆయన.

ఆమె ఆయన వైపు చూడలేదు, నా వైపు తిరిగింది. "వాడికి చలిగాలి పడదక్కా, దగ్గొస్తుంది. బేరిపండు ఉడకబెట్టి తేనె వేసి పట్టు" అంది.

నాకు ఏడుపొచ్చింది. సంతోషమూ వేసింది. మొగుడు నాకు, కొడుకు నాకు, వంటిల్లు నాకు. రెండూ ఒక్క గుండెలో పట్టాయి, అది దాచి లాభం లేదు.

ఊరి చివర ఒక ముసలామె పాకలో గది తీసుకుంది. బట్టలు కుట్టి బతికింది. మా వీధిలోకి రావలసి వస్తుందని, నీళ్ళకు కొండ చుట్టూ తిరిగి వెళ్ళేది. ఆదివారం గుడిలో సుడోల్ నా పక్కన కూర్చుంటే వాడిని చూడకుండా గోడ వైపు తిరిగి పాడేది. గొంతు మాత్రం అందరికంటే పైకి వినపడేది. అదే ఏడాది మా ఆయనకు బాప్తిస్మం ఇచ్చారు, ఆరు నెలల్లో సంఘంలో రెండో పెద్దను చేశారు. ఆయన ఏం వదులుకున్నాడో నేను ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. నాకేమీ కనపడదు.

గడువుకు రెండు నెలలుందనగా సుడోల్‌కు తట్టు పోసింది. ఐదేళ్ళ పిల్లాడు. ఒళ్ళు పొయ్యిలా కాలిపోతోంది, మాట లేదు, గుక్క తిరగని దగ్గు. మా ఆయన తనకు అంటుకుంటుందేమోనని వాకిలికి అవతల మగవాళ్ళ గదిలో తలుపేసుకుని ఉన్నాడు. నాకు చేతకాలేదు. మా అమ్మాయిని పాకకు పంపాను.

అది ఒక్కతే తిరిగొచ్చింది. "గడప తొక్కకూడదు కదా, అక్కని అడిగి రా అందమ్మా."

"పిల్లాడు దక్కేట్టు లేడని చెప్పు. నేనే రమ్మన్నానని చెప్పు" అన్నాను.

వచ్చింది. మూడు రాత్రులు వాడిని ఒళ్ళోంచి దించలేదు. నాలుగో పొద్దున జ్వరం విడిచింది. నేను గంజి గిన్నెతో లోపలికి వస్తున్నాను. వాడు కళ్ళు తెరిచి ఆమెను చూసి "అమ్మా" అన్నాడు. తర్వాత నన్ను చూసి, "పెద్దమ్మ గంజి తెచ్చింది" అన్నాడు.

అంతవరకు పది నెలలుగా నన్నే అమ్మా అన్నాడు. నేనే నేర్పాను. ఆమె నా మొహం చూసి, వాడిని చాప మీద పడుకోబెట్టి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. వాడు సాయంత్రం దాకా గుమ్మం వైపే చూశాడు. నేను గంజి తెచ్చి పెట్టినా నోరు తెరవలేదు. ఆ గిన్నె నేల మీద పెట్టినప్పుడు నాలో ఏదో బిగుసుకుంది. అది వదలలేదు.

కోతలయ్యాక కూ పాస్టరుగారు వచ్చారు. ఆమె తెల్లబట్టలు ఉతికి గంజిపెట్టి కట్టుకుని వచ్చింది. ప్రశ్నలు అయ్యాయి. ఇక ఒక్కటే మిగిలింది, వేరుగా ఉన్నట్టు ఆ ఇంటివాళ్ళు సాక్ష్యం చెప్పాలి. పాస్టరు నన్ను పిలిచాడు.

"మార్తమ్మా, ఈ ఏడాదిలో ఈమె మీ గడప తొక్కిందా?"

కొత్త విశ్వాసులం, అబద్ధం అంటే మాకు నిప్పు. పక్కింటివాళ్ళ కోడి మన పెరట్లో గుడ్డు పెట్టినా ఆదివారం లేచి ఒప్పుకునే రోజులవి.

"తొక్కిందండీ" అన్నాను.

"రాత్రి ఉందా?"

"మూడు రాత్రులండీ."

"మీ ఆయన ఇంట్లోనే ఉన్నాడా?"

"ఉన్నారండీ."

మూడూ నిజాలే. నాలుగోది ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. నాలుక మీదే ఉంది. పిల్లాడికి తట్టు, నేనే పిలిచాను, ఆయన వేరే గదిలో ఉన్నారు. ఈ మూడు ముక్కలు అనడానికి ఎంతసేపు పడుతుంది? నాకు గంజి గిన్నె కనపడింది. నోరు మూసుకున్నాను. తెర అవతల మా ఆయన దగ్గాడు. అంతకుమించి ఆయనా ఏమీ అనలేదు.

ఆమె చెప్పుకుంటుందనుకున్నాను. కానీ పిలిచింది నేనని చెప్తే, సంఘం పెట్టిన గడువును చెడగొట్టానని నన్ను ఏడాది పాటు బల్ల దగ్గరకు రానివ్వరు. ఆ సంగతి నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. నా వైపు ఒకసారి చూసి, "అక్క చెప్పింది నిజమేనండీ" అంది.

పాస్టరు పుస్తకం మూశాడు. ఇంకో ఏడాది అన్నాడు. బయటికి వచ్చాక ఆడవాళ్ళు ఆమెకు దూరంగా నడిచారు. అక్షరాలు ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్ళే. లూదియ అయితే, "పుస్తకం చదివినంత మాత్రాన బుద్ధి మారుతుందా?" అని పైకే అంది.

తర్వాతి ఆదివారం దినాల కానుక. డబ్బు లేని ఊళ్ళు మావి, అందుకని రోజులు ఇచ్చేవాళ్ళం. ఒక్కొక్కరూ లేచి, ఈ శీతాకాలం సువార్త చెప్పడానికి నేను ఇన్ని రోజులు నడుస్తాను అనాలి. ఒకరు ఐదు, ఒకరు పది. మా ఆయన మూడు రోజులు ఇచ్చాడు, అదీ బావమరిది ఊరికి. ఆమె లేచింది.

"నా రోజులన్నీ" అంది.

మగవాళ్ళ వైపు నవ్వులు వినపడ్డాయి. హామ్ పెద్ద, "అన్నీ అంటే ఎన్నని రాయమంటావమ్మా?" అన్నాడు.

"రాయొద్దులెండి."

మర్నాడు పుస్తకాల మూట నెత్తిన పెట్టుకుని ఉత్తరం కొండల వైపు వెళ్ళిపోయింది. నేను సాగనంపడానికి వెళ్ళలేదు. సుడోల్‌ను తీసుకుని పెరట్లో కూర్చున్నాను. వాడు గుమ్మం వైపు వెళ్తాడేమోనని చెయ్యి పట్టుకునే ఉన్నాను.

నాలుగేళ్ళు గడిచాయి. కూ పాస్టరుగారు ఆరోగ్యం చెడి తన దేశం వెళ్ళిపోయాడు. ఆయన స్థానంలో మనవాడే ఒక యువకుడు పాస్టరు చదువు చదివి వచ్చాడు, ఓక్ అని ఇంటిపేరు. ఒక ఆదివారం ఆయన సంతోషంగా చెప్పాడు. కాంగ్యే పట్నానికి పైన సేమ్గోల్ అనే కొండపల్లెలో ఇరవై ముగ్గురు బాప్తిస్మానికి సిద్ధంగా ఉన్నారట, కింద నుంచి వచ్చిన ఒక స్త్రీ నేర్పిందట. ఆమె ఎవరో ఆయనకు తెలియదు. మాలో తెలిసినవాళ్ళు ఆమెన్ అన్నారు.

ఆ నాలుగేళ్ళలో నాకు రొట్టె గొంతు దిగిన రోజు లేదు. వెళ్ళి క్షమాపణ చెప్పుకోవాలి, ఈసారి ఎవరు ఏం అడిగినా మొత్తం చెప్పేస్తాను అనుకున్నాను. ఆడవాళ్ళకు వంటలో సాయం చేస్తానని చెప్పి పాస్టరుతో బయల్దేరాను. ఎనిమిది రోజుల నడక. చివరి రెండు రోజులు మంచులో.

సేమ్గోల్‌లో అందరూ ఆమెను పంతులమ్మ అంటున్నారు. చిక్కిపోయింది, ముందు పళ్ళు రెండు పోయాయి. నన్ను చూసి వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. తర్వాత వేడినీళ్ళు తెచ్చి పెట్టింది.

"కాళ్ళు వాచిపోయాయి అక్కా. ఇందులో పెట్టు. వాడెలా ఉన్నాడు?"

"చదువుతున్నాడు. నీ పోలికే."

"దగ్గు?"

"తగ్గింది."

తల ఊపింది. నేను ఆ పరీక్ష మాట ఎత్తబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "ఇప్పుడెందుకది? బంగాళదుంపలు చెక్కు తియ్యి. రేపు నలభై మందికి వండాలి." గొంతు తగ్గించి, "ఇక్కడ వీళ్ళకి నేనెవరో తెలీదక్కా" అంది.

నేను విన్నాను. విన్నానే గాని ఎందుకు చెప్పిందో పట్టించుకోలేదు. నా బరువు నాకుంది.

మర్నాడు పొద్దున ఒక ఇంటి పెద్దగదిలో బాప్తిస్మాలు జరిగాయి. ఇరవై ముగ్గురు. ఆడవాళ్ళకు ఒక్కొక్కరికీ పేరు పెడుతుంటే ఆమె ఒక్కొక్కరి వీపు తట్టింది. అయ్యాక పాస్టరు బల్ల సిద్ధం చేసి రొట్టె విరిచాడు. గౌరవంగా మొదట ఆమె దగ్గరకే తెచ్చాడు.

"నేను తీసుకోకూడదండీ. నాకింకా బాప్తిస్మం కాలేదు" అంది.

గదిలో గుసగుసలు బయల్దేరాయి. ఓక్ పాస్టరు ఆశ్చర్యపోయాడు, తర్వాత మొహం విప్పారింది. "అయితే ఇదే మంచి రోజు. గిన్నెలో నీళ్ళు ఉన్నాయి. ఈమె కోసం సాక్ష్యం ఎవరు చెప్తారు?" అన్నాడు.

ఆడవాళ్ళంతా ఒక్కసారే చెయ్యెత్తారు. ఆమె కళ్ళు నేలకు దించుకుంది. బుగ్గలు ఎర్రబడ్డాయి. ఏళ్ళ తరబడి ఎదురుచూసింది ఆ పూట ఆమె ముందుకు దానంతటదే వచ్చింది. ఇంకో నిమిషం అందరూ ఊరుకుంటే అయిపోయేది.

నేను లేచాను.

"నేను చెప్తానండీ. అందరికంటే నాకే ఎక్కువ తెలుసు" అన్నాను. మొత్తం చెప్పేశాను. ఈమె మా ఇంటికి రెండోదిగా వచ్చిందని, నాకు అక్షరాలు నేర్పిందని, బాప్తిస్మం కోసం కన్నకొడుకును నా చేతిలో పెట్టి గడప దిగిందని, పిల్లాడి ప్రాణం కోసం నేను పిలిస్తేనే వచ్చిందని, నేను కుళ్ళుబోతుతనంతో సగం నిజం చెప్పి ఈమె నోటి దగ్గర కూడు పడగొట్టానని. ఏడుస్తూ చెప్పాను. చెప్తుంటే నాలుగేళ్ళ బరువు దిగిపోతోంది. ఎంత హాయిగా ఉందో. తలెత్తి చూసేసరికి ఎత్తిన చేతుల్లో సగం దిగిపోయాయి.

పాస్టరు కళ్ళు తుడుచుకున్నాడు. "ఇందులో ఈమె తప్పేమీ లేదు. రండమ్మా" అన్నాడు.

కుండలు చేసే ఇంటామె, అప్పుడే ఎస్తేరు అని పేరు పెట్టించుకున్నామె, లేచి నిలబడింది. కోపం కూడా కాదు, ఏదో అర్థంకానట్టు ఉంది ఆ మొహం.

"పంతులమ్మా, మా ఇంట్లో రెండోదాన్ని నీ మాట మీదే కదా పంపించేశాం? పోయిన శీతాకాలం. ఒక మొగుడికి ఒక్కతే అని నువ్వే కదా చెప్పావు? అది నీ కాళ్ళు పట్టుకుంది. నువ్వూ అలాంటిదానివేనని అప్పుడు ఒక్క మాట చెప్పలేదేం?"

చేతిలో ఉన్నది కింద పెట్టింది. ఆమె ఎస్తేరు వైపు తిరిగింది.

"సంఘం నాకు చెప్పింది నీకు చెప్పాను" అంది. "నా సంగతి చెప్తే నన్నూ పంపించేస్తారని భయపడ్డాను. అదెటు వెళ్ళింది?"

"నది వైపు. ఎవరికి తెలుసు?"

"దానికి ఒంటి మీద దూదిచొక్కా అయినా ఉందా?"

ఆమె జవాబు కోసం ఆగలేదు.

లేచి వంటింట్లోకి వెళ్ళింది. పాస్టరు గిన్నె పట్టుకుని, "అమ్మా, ముందు ఇది తీసుకోండి" అంటూ వెనకే వెళ్ళాడు. నేనూ వెళ్ళాను. ఉడికిన బంగాళదుంపలు నాలుగు గుడ్డలో కట్టుకుంటోంది, తన దుప్పటి చుట్ట చుట్టింది.

"వద్దండీ" అంది పాస్టరుతో. "దాన్ని వెతికి తీసుకొచ్చాక చూద్దాం. అప్పుడు దానికీ సాక్ష్యం అడగండి."

"ఆ మంచులో ఎక్కడని వెతుకుతావే?" అని ఆమె చెయ్యి పట్టుకున్నాను. "నీ కోసమే చెప్పాను. నీకు దక్కాలనే చెప్పాను."

ఆమె చెయ్యి విడిపించుకోలేదు. మెల్లగా నా వేళ్ళు ఒక్కొక్కటే తీసింది.

"అప్పుడు చెప్పాల్సింది ఇప్పుడు చెప్పావక్కా" అంది. "నా కోసం కాదు. ఎప్పుడూ నా కోసం కాదు."

చెప్పులు కట్టుకుని వెళ్ళిపోయింది. ఏళ్ళ తర్వాత, సరిహద్దులో ఉన్న యాలు నది దాటి వెళ్ళొచ్చినవాళ్ళను ఎంతమందిని అడిగానో లెక్కలేదు. ఇద్దరు ఆడవాళ్ళు కలిసి ఒక సంతలో సోయా జున్ను అమ్ముతున్నారని ఒకాయన చెప్పాడు. వాళ్ళేనో కాదో తెలియదు. ఒకరు తోవలోనే పోయారని ఇంకొకాయన చెప్పాడు. అదీ తెలియదు.

ఆ రోజు మాత్రం పాస్టరు తిరిగి వచ్చి గిన్నెలో నీళ్ళు వాకిట్లో పారబోశాడు. మంచు మీద చిన్న గుంట పడింది. మళ్ళీ బల్ల దగ్గర నిలబడి మొదలుపెట్టాడు. సంఘం ఆగదు కదా. ఎస్తేరు తీసుకుంది, మిగతావాళ్ళు తీసుకున్నారు. పళ్ళెం నా ముందుకు వచ్చింది. ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. నేను చెయ్యి చాపి తీసుకుని తిన్నాను.